జాలీకి బొట్టు

కొత్త ఎనామిల్ రంగు వాసన ఎక్కడ తగిలినా ముందు నా ముక్కు బిగుసుకుంటుంది, వెంటనే మనసు బిగుసుకుంటుంది. మిగతావాళ్లకు అది పెళ్లింటి వాసనో పండుగ వాసనో కావచ్చు, నాకు మాత్రం ఎవరో ఏదో దాస్తున్న వాసన. మొన్న తూప్రాన్ దగ్గర నేను పనిచేసే కంపెనీలో బస్సు దిగి లోపలికి అడుగు పెట్టగానే ఆ వాసనే ఎదురొచ్చింది. పక్క షెడ్డు నుంచి నన్ను ఆ రోజే ప్యాకింగ్ లైనుకు ఇన్‌ఛార్జిగా మార్చారు. డబ్బాలకు మూతలు నొక్కే మెషీన్ చుట్టూ పసుపు రంగు ఇనుప జాలీ కొత్త పెళ్లికూతురిలా మెరుస్తూ నిలబడి ఉంది. వేలితో ముట్టుకుంటే రంగు అంటింది. "ఎప్పటి నుంచో ఉన్నది మేడమ్. కలర్ పోయిందని మల్ల కొట్టించినం, గంతే," అన్నాడు షిఫ్ట్ చూసే కుర్రాడు, నేనేమీ అడగకముందే. అడగకముందే వచ్చే జవాబంటే నాకు చిన్నప్పటి నుంచీ పడదు.

మా ఆయన నన్ను అనుమానపు పక్షి అంటాడు. పాలు కొలిచే గ్లాసు అడుగు తిప్పి చూస్తాననీ, మందుల సీసా మీద తేదీ వెలుతురులో పెట్టి మరీ చదువుతాననీ, ఎవరైనా మరీ మర్యాదగా మాట్లాడితే వాళ్లకేం కావాలో ఆలోచించడం మొదలుపెడతాననీ పిల్లల ముందు కూడా ఆటపట్టిస్తాడు. నిజమే. ఆ పక్షి గూడు మాత్రం మెదక్‌లో, మా వాడకట్టు చివర ఉన్న గిర్నిలో ఉంది.

గిర్ని అంటే వడ్లు పట్టే మిల్లు. వానకాలం పంట చేతికొచ్చే రోజుల్లో టేక్మాల్ వైపు నుంచీ నిజాంపేట వైపు నుంచీ వడ్ల బండ్లు, ట్రాక్టర్లు వచ్చి మా సందు మొదటి దాకా బారులు తీరేవి. ఎడ్ల మెడల్లో గంటలు, హమాలీల కేకలు, సిమెంటు తొట్లలో నానిన వడ్ల పుల్లటి కంపు, వాటిని ఉడికించినప్పుడు లేచే వెచ్చటి ఆవిరి, ఆ ఆవిరిలో తడిసి ఇంట్లోకొచ్చే గాలి — మా ఇళ్లలో ఏం వండినా దానికి ఉప్పుడు బియ్యం వాసన పట్టి ఉండేది. గిర్ని వెనక ఊక కుప్ప చిన్న గుట్టంత పెరిగేది. మేము దాని మీదికెక్కి ఖిల్లా గెలిచినట్టు కేకలు పెట్టి, జారి, మళ్లీ ఎక్కి, ఒళ్లంతా దురదలతో ఇంటికొచ్చి దెబ్బలు తినేవాళ్లం. చలికాలం వచ్చిందంటే ఆ ఊకే మాకు పొయ్యిలో మంట, చర్చిలో క్రిస్మస్‌కు వచ్చే జనాన్ని చూడ్డానికి పోతూ దారిలో చలి కాచుకునే కుంపటి.

నాన్నను మేము అబ్బా అంటాం. ఆయనది వెల్డింగ్ దుకాణం. ఖాదర్ భాయ్ అంటే గిర్నీలకూ ట్రాక్టర్లకూ విరిగినవి అతికించే మనిషి. ఆయన కళ్లలో ఎప్పుడూ ఎర్రటి జీర ఉండేది. రాత్రి పడుకునే ముందు మా అమ్మమ్మ, నానీ, ఆయన కళ్ల మీద కీరా ముక్కలు పెట్టి, తన పాన్‌దాన్ ముందేసుకుని ఆకుకు సున్నం రాస్తూ ఊళ్లో అందరినీ తిట్టేది. అమ్మీది టేక్మాల్. ఆమెకు ఉర్దూ కంటే తెలుగే ఎక్కువ వచ్చు, దుఆ కూడా సగం తెలుగులోనే అడిగేది. ఒళ్లో చేట పెట్టుకుని తునికాకు కత్తిరించి, పొగాకు పోసి, బీడీలు చుట్టేది. వానాకాలం నీళ్లలో నానబెట్టిన ఆ ఆకు వాసన, అబ్బా చొక్కా నుంచి వచ్చే కాలిన ఇనుము వాసన, నానీ జర్దా వాసన కలిస్తే అది మా ఇల్లు. పీర్ల పండుగకు మా ఇంటి మలీద వాడకట్టంతా తినేది. బతుకమ్మ నాడు సత్తుపిండి ముద్దలు ముందుగా మా ఇంటికే వచ్చేవి, ఎందుకంటే అవి తెచ్చేది మల్లవ్వ.

మల్లవ్వ మా పక్కింటి మనిషి, నాకు చిన్నమ్మ వరస. గిర్నిలో ఊక ఊడ్చేది. నా జడ తనే వేసేది, వేసినప్పుడల్లా నెత్తి మీద ఒకటి మొట్టి, "నూరమ్మా, నీ ఎంటికెలల్ల ఊకే ఉన్నది గాని నూనె లేదే," అనేది. బతుకమ్మ పాట ఎత్తుకుంటే ఆమె చప్పట్లు మిగతావాళ్ల చప్పట్ల కంటే పెద్దగా, గట్టి చెక్క మీద కొట్టినట్టు వినపడేవి.

ఇక జాలీల సంగతి చెప్పాలి. గిర్ని నడిచేది ఒక పెద్ద పట్టా మీద. మోటారు నుంచి మనిషంత ఎత్తు చక్రానికి తోలు పట్టా తిరుగుతూ ఉండేది. ఆ చక్రాన్నీ, దాని పక్కన దాన్ని మోసే ఇనుప స్తంభాన్నీ కలిపి కప్పేసేటట్టు, నిలువు పెట్టె లాంటి జాలీ ఒకటి ఉండాలి. ఉంది కూడా. మా అబ్బానే చేశాడు. కాని అది ఉండాల్సిన చోట కాక వెనక కొట్టంలో గోడకు ఆనించి ఉండేది. కోళ్లు దాని మీద కూర్చునేవి, గుమస్తా భార్య ఎండాకాలంలో దాని మీద మిరపకాయలు ఎండబెట్టేది. జాలీ పెడితే పట్టా కింద పేరుకునే ఊక తియ్యడానికి ప్రతిసారీ గిర్ని ఆపాలి. ఆపితే వడ్ల బండ్లు ఆగుతాయి. అందుకని అది కొట్టంలోనే మేలని గిర్ని యజమాని సేటు లెక్క.

ఎప్పుడైనా ఒక పొద్దున గిర్ని వైపు నుంచి ఆకుపచ్చ ఎనామిల్ వాసన వచ్చేది. అప్పుడు మా పిల్లలందరికీ అర్థమయ్యేది, తనిఖీకి లేబర్ సారు వస్తున్నాడని. సంగారెడ్డి నుంచి వచ్చే ఆ సారు కంటే ముందు ఆయన వస్తున్న కబురు ఎట్లా వస్తుందో మాకు తెలియదు గాని, జాలీ కోళ్ల రెట్టలు కడిగించుకుని, రంగు వేయించుకుని, చక్రం మీదికి ఎక్కేది. తాగే నీళ్ల కుండకు మూత వచ్చేది. గోడకున్న ఫస్ట్ ఎయిడ్ డబ్బాలోంచి గుమస్తా తన బీడీ కట్టలూ సున్నం డబ్బీ తీసి దూది పెట్టేవాడు. సారు చాయ్ తాగి, జాలీని వేలితో ముట్టకుండా చూసి వెళ్లిపోయేవాడు. సాయంత్రానికి జాలీ మళ్లీ కోళ్ల కిందికి చేరేది. పెద్దవాళ్లు అబద్ధం ఆడతారని పిల్లలకు ఎవరో ఒకరు నేర్పుతారు. నాకు నేర్పింది ఆ ఆకుపచ్చ రంగే.

దసరా నాడు గిర్నికి పూజ. ఇనుము ఏదైతేనేం, పని చేసే ప్రతిదానికీ ఆ రోజు పసుపూ కుంకుమా పడాల్సిందే. మోటారు, త్రాసు, కాటా రాళ్లు, నూనె డబ్బా, చివరికి ఊడ్చే చీపురు కూడా బొట్టు పెట్టించుకునేది. ఆ బొట్లు పెట్టేది మల్లవ్వే. బంతిపూల దండలు గుచ్చేదీ ఆమే. మా అబ్బా వెల్డింగ్ మెషీన్‌కు కూడా ఆమె వచ్చి ఒక చిన్న దండ వేసి పోయేది. నానీ గొణిగేది, అబ్బా నవ్వేవాడు. సేటు మహా భక్తుడు. దసరా నాడు వేసిన దండ ఎండి తనంతట తాను రాలేదాకా ఎవరూ ముట్టకూడదని ఆయన పట్టు. ఒకసారి ఒక హమాలీ మోటారు మీది వాడిన దండ తీసి పారేస్తే, సేటు వాణ్ని పని నుంచి తీసేసినంత పని చేశాడు. ఆ సంగతి గిర్నిలో అందరికీ తెలుసు.

ఆ ఏడు దసరా పూజ నేను దగ్గరుండి చూశాను. చక్రం పక్కన స్తంభానికి మల్లవ్వ ముని వేళ్ల మీద లేచి దండ కట్టడం, "ఈ యేడు సుత సల్లగ సూడు తల్లీ," అని చక్రానికి దండం పెట్టడం, ఆ తరవాత ఆ పసుపు చేతులతోనే నా చెంపలు పట్టుకోవడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది.

పండుగ వాసన ఇంకా పోకముందే ఆమె కొంగు పట్టాలో చిక్కింది. కొంగు లాక్కోబోయిన కుడి చెయ్యి కొంగుతో పాటే పోయింది. కేక మాకు వినపడలేదు, గిర్ని చప్పుడు ఒక్కసారిగా ఆగడం మాత్రం వినపడింది. ఎప్పుడూ ఆగని చప్పుడు ఆగితే ఎంత భయంగా ఉంటుందో ఆ రోజు తెలిసింది. అమ్మీ చేటలోని పొగాకంతా నేల పాలు చేసుకుని పరుగెత్తింది. మల్లవ్వను మెదక్ దవాఖానలో చూసి, అటు నుంచి అటే పట్నం తీసుకుపోయారు.

పొద్దు గుంకకముందే ఊళ్లో ఒక మాట తిరగడం మొదలైంది. జాలీ ఉండగానే, వద్దంటున్నా వినకుండా, మల్లవ్వ లోపలికి చెయ్యి పెట్టిందట. ఎవరు చెప్పారంటే ఎవరికీ తెలియదంటారు, కాని అందరికీ తెలుసు. చాయ్ హోటల్ దగ్గర బీడీల సంఘం మనిషి అమ్మీ వాళ్లకు వివరంగా చెప్పాడు. జాలీ లేకపోతే తప్పు సేటుది, ఆయన నష్టపరిహారం ఇవ్వాలి. జాలీ ఉండి, దాన్ని లెక్క చెయ్యకుండా చెయ్యి పెట్టిందని తేలితే తప్పు మల్లవ్వది, ఆమెకు ఏమీ రాకుండా చెయ్యొచ్చు. ఆ జాలీ అప్పుడు ఎక్కడుందో ఊరంతటికీ తెలుసు. కోళ్లకు కూడా తెలుసు.

తరవాతి శుక్రవారం అబ్బా జుమ్మా నమాజుకు పోలేదు. మా అబ్బా జ్వరంలో కూడా జుమ్మా వదలడు. సైకిల్ హ్యాండిల్‌కు పానా సంచి తగిలించుకుని గిర్ని వైపు పోతుంటే, నేను చేతిలో తొక్కుడు బిళ్ల పట్టుకుని సందులో నిలబడి చూశాను. నన్ను చూసి కూడా చూడనట్టు పోయాడు. కాసేపటికి ఆకుపచ్చ వాసన వచ్చింది. గిర్ని ప్రహరీ విరిగిన చోట నుంచి తొంగి చూస్తే, అబ్బా మోకాళ్ల మీద కూర్చుని జాలీకి బోల్టులు బిగిస్తున్నాడు. గుమస్తా పక్కన నిలబడి, "జల్ది కానీ ఖాదర్. గా దండ మాత్రం ముట్టకు, సేటుకు తెలిస్తే నా పానం దీస్తడు," అంటున్నాడు. అబ్బా తల ఊపి, స్తంభానికి ఉన్న దండను అట్లాగే వదిలేసి, దాని మీది నుంచే జాలీ మూసేశాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర అమ్మీ అబ్బాకు పళ్లెం ముందుకు తొయ్యలేదు, విసిరింది. "దానితోని సద్దులు తిన్నం, దాని శెయ్యి పోతే నువ్వు పోయి జాలీ బిగిస్తవా?" అంది. అబ్బా అన్నం కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టుకోలేదు. "గిర్నీలు పని ఇయ్యకపోతే ఏం తింటరు మీరు?" అన్నాడు చివరికి. నానీ కూడా ఆ రోజు ఎవర్నీ తిట్టలేదు. నేను అబ్బా పక్కన పడుకునేదాన్ని, ఆ రోజు గోడ వైపు జరిగి పడుకున్నాను. మా అబ్బా మంచివాడో కాదో తెలియని రోజులవి. అంతకంటే పెద్ద భయం నాకు చిన్నతనంలో మరొకటి లేదు.

లేబర్ సారు వచ్చిన రోజు మేము బడికి పోలేదు. ఆయన ముందు సేటు ఇంట్లో భోజనం చేసి వచ్చాడని గేటు దగ్గరే తెలిసిపోయింది, అమ్మీ పళ్లు కొరికింది. పట్నం దవాఖాన నుంచి అప్పుడే వచ్చిన మల్లవ్వ, మోచేతి కింద ఏమీ లేని చేతికి తెల్లటి కట్టుతో, బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్య నిలబడింది. సన్నగా, ఎవరో తెలియని మనిషిలా ఉంది. ఆమె మొహంలోకి చూడలేక నేను ఆమె కొంగు పట్టుకున్నాను. గుమస్తా అడగకముందే మొదలుపెట్టాడు. "సూడుండ్రి సారూ, జాలీ ఎప్పటి నుంచో ఉన్నది. గిదిగో, చేసినాయనే ఉన్నడు, అడుగుండ్రి."

సారు అబ్బా వైపు తిరిగి, "నువ్వేనా చేసింది? ఇది ఎప్పుడు బిగించావు?" అన్నాడు.

అబ్బా మల్లవ్వ వైపు చూశాడు. కట్టు వైపు కాదు, మొహం వైపు. తరవాత మెడ మీది దస్తీ తీసి చేతులు తుడుచుకున్నాడు, తుడుచుకోవడానికి చేతులకు ఏమీ లేకపోయినా. "నా నోటి మాట ఎందుకు సారూ. జర ఇప్పి సూపిస్త, మీరే సూడుండ్రి," అని జేబులోంచి పానా తీశాడు. గుమస్తా "ఏయ్ ఖాదర్!" అని ముందుకొచ్చాడు, కాని హమాలీలు దారి ఇవ్వలేదు. ఒక్కో బోల్టూ ఊడి కింద పడింది. జాలీ పక్కకు జరిగింది. లోపల స్తంభానికి ఎండిన బంతిపూల దండ వేలాడుతోంది. చక్రానికి పసుపు, పసుపు మీద కుంకుమ. బయట ఉన్న ఆకుపచ్చ జాలీకి మాత్రం ఒక్క చుక్క లేదు.

సారుకు వెంటనే అర్థమైనట్టు లేదు, లేదా అర్థం కానట్టు నిలబడ్డాడు. మల్లవ్వ రెండడుగులు ముందుకేసింది. "గా దండ నేను కట్టిన సారూ, దసరా నాడు, గీ శెయ్యితోని," అని లేని చెయ్యి ఎత్తింది. "జాలీ గప్పుడే ఉంటే నేను లోపల దండ ఎట్ల కట్టిన? సీపురుకు సుత బొట్టు వెట్టినదాన్ని, గింత పెద్ద జాలీ ముంగట ఉంటే దానికి వెట్టకపోదునా?"

సేటు చేతులు కట్టుకుని తన దండ వైపే చూస్తూ ఉండిపోయాడు. రంగు కొట్టించాడు, గుమస్తాకు మాటలు నేర్పాడు, సారుకు భోజనం పెట్టాడు. తన భక్తికి భయపడి ఎవరూ దండ తియ్యరన్నది ఒక్కటే ఆయన మనసుకు తట్టలేదు. నాకు ఏడుపొచ్చింది. అబ్బా నా వైపు చూస్తే పరుగెత్తుకెళ్లి ఆయన నూనె చొక్కాలో మొహం దాచుకున్నాను.

దాంతో అంతా చక్కబడిందని మీరు అనుకుంటే, నేను అనుమానపు పక్షిని కాబట్టి చెబుతున్నాను, కాలేదు. మల్లవ్వ సంగారెడ్డి ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకుంది. చివరికి రావాల్సింది వచ్చింది, కాని చేతికి బదులు ఏమొచ్చినా తక్కువే. బతుకమ్మ నాడు ఆమె పాట ఎత్తుకునేది, చప్పట్లు మాత్రం ఆమె పక్కన నిలబడి మా అమ్మీ కొట్టేది. అబ్బాను ఊళ్లో ఒక్క గిర్ని కూడా మళ్లీ పిలవలేదు. ఆయన విరిగిన మంచాలకు అతుకులు వేశాడు, కిటికీలకు చువ్వలు చేశాడు. ఆ ఏడాది మా మలీదలో బెల్లం తగ్గింది, కాని తినడానికి వచ్చే జనం పెరిగారు.

మారిందొకటి ఉంది. తరవాతి దసరాకు గిర్నిలో ఆడవాళ్లంతా ఒక మాట మీద నిలబడ్డారు. మొదటి బొట్టు జాలీకి. దానికి బొట్టు పడందే పట్టా తిప్పనివ్వమన్నారు. దేవుడి మాట కాబట్టి సేటు కాదనలేకపోయాడు. బొట్టు పడ్డ వస్తువును తీసుకెళ్లి కోళ్ల కింద పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. జాలీ ఆ తరవాత కొట్టం ముఖం చూడలేదు. చూస్తుండగానే మిగతా గిర్నీల్లోనూ అదే పద్ధతి వచ్చింది. చట్టం చెయ్యలేకపోయిన పని చిటికెడు కుంకుమ చేసింది.

అబ్బా ముసలివాడయ్యాక ఒకసారి అడిగాను, దండను కావాలనే లోపల వదిలావా అని. ఆయన కళ్లు అప్పటికి సరిగా కనపడవు. "బిగించుమన్నరు, బిగించిన. దండ ముట్టద్దన్నరు, ముట్టలే," అని నవ్వాడు. ఆ నవ్వులో ఏముందో నాకు ఇప్పటికీ అనుమానమే. బోల్టు బిగించేటప్పుడే ఆయనకు అంతా తెలుసని కొన్నిసార్లు అనుకుంటాను. కాదు, మల్లవ్వ మొహం చూసేదాకా ఏం చెయ్యాలో తేల్చుకోలేదని కొన్నిసార్లు అనుకుంటాను. రెండోదైతేనే ఆయన మీద ప్రేమ ఎక్కువవుతుంది.

ఇప్పుడు ఆ గిర్ని లేదు. అక్కడ ఫంక్షన్ హాల్ వచ్చింది, జాలీ ఉన్న కొట్టం చోట కార్లు పెడుతున్నారు. అబ్బా లేడు, మల్లవ్వ లేదు. మొన్నామధ్య ఒక పెళ్లికి పోతే బిర్యానీ వాసన తప్ప ఇంకే వాసనా రాలేదు, ఉప్పుడు వడ్ల ఆవిరి కోసం నేను గోడ వరకూ పోయి గాలి పీల్చి, పిచ్చిదాన్నని నవ్వుకుని వచ్చాను.

కంపెనీలో ఆ పొద్దున, పసుపు రంగంటిన వేలితో మెషీన్ చుట్టూ తిరిగాను. దసరా అయి ఎన్నో రోజులు కాలేదు. కన్వేయర్‌కు బొట్టు ఉంది, కరెంటు డబ్బాకు ఉంది, చెత్త తీసే ట్రాలీకి ఉంది. జాలీ సందుల్లోంచి చూస్తే, మూతలు నొక్కే మెషీన్‌కు బొట్టూ ఉంది, వాడిన దండా ఉంది. "ఎప్పటి నుంచో ఉంటే దీనికి బొట్టేది తమ్మీ?" అన్నాను. కుర్రాడు నవ్వబోయి ఆగాడు. నెత్తిన స్కార్ఫు కట్టుకున్న మేడమ్ బొట్టు గురించి అడుగుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు. మెషీన్ మీద పనిచేసే స్వప్న అనే పిల్ల, నిజాంపేట నుంచి వస్తుంది, అతను పక్కకు పోయాక నా దగ్గరికొచ్చి మెల్లగా, "ఆడిట్ అయినంక రేపు తీసేస్తరు మేడమ్," అంది.

ఆమె వేళ్ల వైపు చూశాను. అన్నీ ఉన్నాయి. పూజ చేసిన మూల నుంచి కుంకుమ పొట్లం తెమ్మన్నాను. "నువ్వే పెట్టమ్మా, పెద్దగ పెట్టు," అన్నాను. ఆమె జాలీకి నాలుగు వైపులా పెట్టింది. రంగు ఇంకా ఆరలేదు, కుంకుమ దానిలోకి దిగి అంటుకుపోయింది, ఇక తుడిచినా పోదు.